పుట్టమన్ను అగ్నిపర్వతం

ధైర్యవంతుల కథలు చెప్పేవాళ్ళకు కొదవలేదు. పిరికివాళ్ళ జోలికి మాత్రం ఎవరూ పోరు. పోనీ వాళ్ళేమైనా సుఖపడుతున్నారా అంటే అదీ లేదు. ధైర్యవంతుడు ఏ యుద్ధంలోనో ఒక్కసారి ప్రాణాలకు తెగిస్తే సరిపోతుంది. పిరికిమనిషి పొద్దున పాలవాడు తలుపు కొట్టింది మొదలు పడుకునేదాకా తెగిస్తూనే ఉండాలి. జగ్గయ్యపేటలో సున్నపు బట్టీల గుమాస్తా రామబ్రహ్మం భార్య వసుమతి అలా తెగిస్తూ బతికిన ఇల్లాలు.

ఆమె పుట్టింది చందర్లపాడులో. తండ్రి అనంతపద్మనాభంగారు నలుగురికి ముహూర్తాలు పెట్టే మనిషి. ఉరిమితే అర్జునా, ఫల్గుణా అనుకోమని కూతురికి నేర్పాడు. ఆ పిల్ల మబ్బు పట్టకముందే అనుకోవడం మొదలుపెట్టేది. పెళ్ళై పేటకు కాపురానికి వచ్చిన కొత్తలో అవతల నైజాంలో గొడవలు రేగాయి. మూటాముల్లే నెత్తిన పెట్టుకుని జనం సరిహద్దు దాటి వచ్చిపడుతుంటే, వసుమతి తలగడ కింద కారప్పొడి పొట్లం పెట్టుకుని పడుకునేది. ఒకసారి ఆ పొట్లం విడిపోయి మొగుడూ పెళ్ళాలిద్దరూ తెల్లవార్లూ తుమ్మారు. ఆ సంగతి రామబ్రహ్మమే ఊరంతా చెప్పుకుని నవ్వించాడు.

గొడవలు సద్దుమణిగాయి. మొదటి పిల్లవాడు రెండేళ్ళు నిండకుండానే జ్వరంతో పోయాడు. ఆ తర్వాత పుట్టిన అహల్యను ఆమె పెంచిన తీరు చూసి నవ్వనివాళ్ళు లేరు. పిల్ల తుమ్మితే మిరియాల కషాయం, దగ్గితే దిష్టి, ఆడుకోవడానికి గడప దాటితే వెనకాలే "వద్దే, పడతావే" అన్న కేక. నవ్వినవాళ్ళకు పోయిన పిల్లవాడి సంగతి తెలియదనుకోకండి. తెలిసే నవ్వారు.

పేట చుట్టూ ఎక్కడ తవ్వినా సున్నపురాయి. మధ్యాహ్నం క్వారీలో తూటాలు పేలితే ఆ చప్పుడుకు ఊరంతా భోజనాలకు లేచేది. వసుమతి చేతిలో గరిటె కిందపడేది. రోజూ పేలేదే, రోజూ పడేదే.

"ఇంకా అలవాటు కాలేదుటే?" అనేవాడు రామబ్రహ్మం.

"ఏ రోజు ఎక్కువ మందు పెడతారో ఎవరికి తెలుసండీ?" అనేది ఆమె.

అహల్య ఆరో క్లాసుకు వచ్చిన ఏడు నందిగామలో తాలూకా పిల్లలందరికీ కలిపి సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. పిల్ల పుస్తకాల సంచి అరుగు మీద పడేసి, గుమ్మంలో నిలబడే చెప్పింది.

"నాన్నా, నేను అగ్నిపర్వతం చేస్తున్నా!"

వంటింట్లోంచి వసుమతి పరుగెత్తుకొచ్చింది. "అగ్ని అంటోంది, పర్వతం అంటోంది, ఆ రెండిట్లో ఏ ఒక్కటైనా ఇంట్లో ఎందుకండీ?"

"బొమ్మదేనే," అని రామబ్రహ్మం నవ్వాడు. "మట్టితో కొండ చేస్తారు, లోంచి పొంగొస్తుంది. మీ అమ్మకి తాడు కనపడితే పాము అమ్మడూ. నువ్వు చెయ్యి, నేనున్నా."

కొండకు పుట్టమన్ను కావలసి వచ్చింది. అదైతే మైనంలా అమరుతుంది, ఎండినా నెర్రెలివ్వదు. వాళ్ళు అద్దెకుండే ఇంటి యజమానురాలు రత్తమ్మగారు పొలం నుంచి గంపెడు మన్ను తెప్పించి ఇచ్చింది. రత్తమ్మగారు వ్యవసాయపు మనిషి, ఎద్దు కొమ్ము విసిరినా ముక్కుతాడు పట్టి నిలబడే రకం. పుట్ట తవ్వితే నాగేంద్రుడికి కోపమొస్తుందని వసుమతి గంప ముందు చిన్న గిన్నెలో పాలు పెట్టి, లెంపలు వేసుకుని, ఆ తర్వాతే కూతుర్ని ముట్టుకోనిచ్చింది. నాలుగు రోజుల్లో పెరట్లో మోకాలెత్తు కొండ లేచింది. నడినెత్తిన మూతి సన్నటి ముంత ఒకటి పాతిపెట్టారు. అహల్య దాని చుట్టూ గడ్డిపరకలతో చెట్లు కూడా నాటింది. ఇంత ముచ్చటగా ఉన్నదానికా తను అంత భయపడింది అని వసుమతి కూడా కాసేపు అనుకుంది.

"లోపల ఏం పొయ్యమన్నారే మీ మాస్టారు?" అని అడిగాడు రామబ్రహ్మం.

"సోడా వేసి, లైమ్ ఏదో పొయ్యమన్నారు నాన్నా. అప్పుడు బుసబుసా పొంగుద్దంట."

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వరప్రసాదరావు మాస్టారు బందరులో ఇంగ్లీషులో సైన్సు చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. ఆయన చెప్పింది లైమ్ జ్యూస్. అంటే నిమ్మరసం. నిమ్మరసం అంటే మరీ వంటింటి మాటలా ఉంటుందనుకున్నాడో ఏమో, ఇంగ్లీషులో అన్నాడు. పిల్ల సగం మాట దారిలో పారేసుకుని మిగతా సగం ఇంటికి తెచ్చింది. ఇంకో ఊళ్ళో అయితే ఆ సగానికి అర్థమేమిటని ఎవరినైనా అడిగి ఉండేవాళ్ళు. పేటలో అడగవలసిన పనేముంది? లారీ బిల్లు మీద లైమ్, బస్తా మీద లైమ్, బట్టీ ముందు రేకు మీద లైమ్. రామబ్రహ్మానికి ఆ మాట రాసి రాసి వేలు కాయకాసింది.

"లైమంటే సున్నమే అమ్మడూ! మన బట్టీలో కాల్చిన రాయి. దాని మీద నీళ్ళు పడితే ఎట్లా ఉడుకుద్దో ఎప్పుడూ చూళ్ళేదూ? మీ మాస్టారు గట్టివాడే. సోడా గీడా ఏమీ అక్కర్లా, ఇదొక్కటే చాలు."

"ఎర్రగా రావాలి నాన్నా, లావా."

"పసుపు కలుపు. పసుపూ సున్నమూ కలిస్తే పారాణేగా! చూశావా, అందుకే లైమ్ అన్నాడాయన."

తప్పుకు కూడా ఒక్కోసారి అన్నీ అలా కలిసొస్తాయి. పొంగడమూ కలిసింది, ఎరుపూ కలిసింది. మర్నాడు రామబ్రహ్మం బట్టీ నుంచి కాలిన సున్నపు గడ్డలు గుడ్డలో మూటకట్టి తెచ్చాడు.

"ఏమండీ, సున్నమండీ. కళ్ళల్లో పడితే?" అంది వసుమతి.

"నీకు ఎసట్లో అన్నం ఉడికినా భయమే."

"కొరివితో తల గోక్కోవడం కాకపోతే ఏమిటండీ ఇది?"

"దూరంగా నిలబడి పోస్తుందిలేవే. నేను పక్కనే ఉంటాగా."

ఆదివారం భోజనాలయ్యాక పెరట్లో పరీక్ష పెట్టారు. గడ్డలు ముంతలో వేశారు, పైన పసుపు చల్లారు. వసుమతి వెనక వాకిలి గడప దాటి రాలేదు. అక్కడే తలుపు పట్టుకుని నిలబడింది. అహల్య చెయ్యి చాచి చెంబుతో నీళ్ళు పోసి, గబుక్కున వెనక్కి దూకింది.

ఏమీ కాలేదు. కాలిన రాయిలో కొంత మొండిది ఉంటుంది, నీళ్ళు తాగి కాసేపు ఊరుకుని అప్పుడు లేస్తుంది.

"ఏం లేదేంటి నాన్నా?"

"కాస్త ఆగమ్మా," అంటుండగానే వీధి గుమ్మంలో బట్టీ మనిషి కేకేశాడు, లారీ వచ్చిందట. రామబ్రహ్మం అటు తిరిగి, "ఆదివారం పూట ఏం లారీరా?" అన్నాడు.

అంతలోనే అహల్య ముంత మీదికి వంగి లోపలికి చూసింది.

"వద్దే, అహల్యా!" అని అరిచింది వసుమతి. పాపం, ఆ మాట ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి వింటూనే ఉంది. కాకి అరుపును ఎవరు పట్టించుకుంటారు? వెనక్కి తిరిగి చూడలేదు.

బుస్సుమంది. ముంత మూతి పగిలింది. వేడి సున్నం, పసుపు, పుట్టమన్ను కలిసి ఒక్క ఊపున పైకి లేచాయి. అహల్య కెవ్వుమని రెండు చేతులతో మొహం కప్పుకుంది. వసుమతి గడప ఎలా దాటిందో ఆమెకే తెలియదు. పిల్ల చేతులు లాగి చూసేసరికి బుగ్గలూ, కనురెప్పలూ, ముక్కూ అంతా ఎర్రగా కారుతోంది. వసుమతికి అది పారాణి అని తోచలేదు. కళ్ళు పగిలి నెత్తురు కారుతోందనుకుంది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా, మంట! నీళ్ళమ్మా, నీళ్ళు!"

"నీళ్ళు పొయ్యకు!" రామబ్రహ్మం గావుకేక పెట్టాడు. "సున్నమే అది, నీళ్ళు తగిల్తే కళ్ళు ఉడికిపోతయ్!"

గోడ అవతల నుంచి రత్తమ్మగారు ఆముదం సీసాతో పరుగెత్తుకొచ్చింది. "నీళ్ళు ముట్టనీయమాకండి పంతులుగారూ! బట్టీల కాడ అందరూ చెప్పేది అదే. ఆవదం పొయ్యండి, అమ్మాయిని గట్టిగా పట్టుకోండి."

వాళ్ళ మాట ఊరికే పుట్టలేదు. పేటలో ప్రతి పిల్లకూ తెలుసు, కాలిన సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుతమంటుంది. ఇప్పుడే కళ్ళముందు చూశారు కూడా. పోస్తే ఉడుకుతాయి. పొయ్యకపోతే మండుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆమెకు ఏది చూసినా ఒక్కటే భయం, దూరంగా జరిగిపోతే తీరిపోయేది. ఇప్పుడు రెండు వైపులా భయమే, ఎటు జరగాలో తెలియలేదు. పిల్ల మళ్ళీ "నీళ్ళమ్మా" అని ఆమె చీరె పట్టుకు లాగింది.

అప్పుడు ఆమెకు ఒకటే తోచింది. ఉడకవలసినదంతా ముంతలోనే ఉడికి కదా ఎగిరింది? ఉడికిన అన్నం మళ్ళీ ఏం ఉడుకుతుంది? అది నిజమో కాదో ఆమెకు తెలియదు. బియ్యానికీ రాయికీ ఒకటే న్యాయమని ఎవరు చెప్పారు? కానీ అంతకు మించి ఆలోచించే వ్యవధి లేదు. రత్తమ్మగారి చేతిని పక్కకు నెట్టేసింది. పిల్లను రెక్క పట్టుకుని గోలెం దగ్గరికి ఈడ్చుకెళ్ళి, తల ఒళ్ళో పెట్టుకుని, రెండు వేళ్ళతో రెప్పలు విప్పి, చెంబుతో నీళ్ళు పోసింది.

"చంపేస్తావా దాన్ని?" అని రామబ్రహ్మం చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి మోచేత్తో అతన్ని ఒక్క తోపు తోసింది.

ఆ క్షణంలో ఆమెకు ధైర్యం వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. ప్రతి చెంబుకూ ఆ కళ్ళలోంచి పొగ లేస్తుందేమోనని చూస్తూనే పోసింది. పోస్తూ ఏడ్చింది, ఏడుస్తూ అర్జునా, ఫల్గుణా అంది. పిల్ల గింజుకుంటుంటే మోకాళ్ళతో అదిమిపట్టింది. గోలెంలో నీళ్ళు అయిపోయి చెంబు అడుక్కి గీసుకున్నాక ఆగింది.

నందిగామలో భవానీప్రసాద్ అనే కళ్ళ డాక్టరున్నాడని రత్తమ్మగారే చెప్పి, మెత్తటి గుడ్డ కళ్ళకు కట్టి బస్సెక్కించింది. ఎక్కిస్తూ వసుమతి మొహంలోకి చూడలేదు. ఆ చూడకపోవడమే వసుమతి గుండెల్లో గుచ్చుకుంది.

బస్సులో వెనక సీటు పెద్దాయన ఏమైందని అడిగాడు. రామబ్రహ్మం చెప్పాడు. "సున్నానికి నీళ్ళు పోశారా! అయ్యయ్యో," అని ఆయన నాలుక చప్పరించి, చిల్లకల్లులో దిగిపోయాడు. రామబ్రహ్మం రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. తిడితే బాగుండునని వసుమతి అనుకుంది. ఏ తల్లయినా చెడ్డది జరగకుండా చూస్తుంది, తను తన చేతులతోనే పిల్ల కళ్ళను ఎసట్లో వేసినట్టు వేసింది. రేపు ఈ పిల్ల గోడలు తడుముకుంటూ నడుస్తుంది. దాన్ని పెళ్ళెవరు చేసుకుంటారన్నది కూడా ఆమెకు గుర్తురాలేదు. అన్నం కంచంలో కూర ఎటు ఉందో చెప్పవలసి వస్తుందన్నదే గుర్తొచ్చింది.

"అమ్మా, చీకటి పడిందా?" అంది ఒళ్ళో అహల్య.

కిటికీలోంచి ఎండ వాళ్ళిద్దరి మీదా పడుతూనే ఉంది.

"గుడ్డ కట్టాం కదమ్మా," అంది వసుమతి.

డాక్టర్ భవానీప్రసాద్ ముక్కుసూటి మనిషి. గుడ్డ విప్పి, రెప్పలెత్తి చూస్తూనే, "ఏం పడింది?" అన్నాడు.

"సున్నమండి."

"నీళ్ళు పోశారా?"

రామబ్రహ్మం పెళ్ళాం వంక చూశాడు.

"అడుగుతోంది మిమ్మల్నే. ఎవరు పోశారు నీళ్ళు?"

ఆ గొంతులో ఇద్దరికీ కోపమే వినిపించింది. రామబ్రహ్మం వసుమతిని వెనక్కి నెట్టినట్టుగా ముందుకొచ్చాడు. "నేనేనండి. తెలియక పోశా," అన్నాడు.

వసుమతి తెల్లబోయింది. దారంతా ఆమెతో మాట్లాడని మనిషి ఆమె మీద పడాల్సింది తన మీదికి లాక్కుంటున్నాడు. పరాయి మగవాళ్ళ ఎదుట ఆమె గొంతెత్తి ఎరగదు. అయినా నిజం తెలియకపోతే వైద్యం ఎక్కడ తప్పుతుందోనన్న భయం సిగ్గును మింగేసింది.

"కాదండీ డాక్టరుగారూ! ఆయన వద్దనే అన్నారు. నేనే పోశా. గోలెమంతా పోశా."

డాక్టరు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "మీ తగువు తర్వాత తీరుస్తా. ఎవరు పోసినా ఇంకో రెండు బిందెలు పోసుండాల్సింది. సున్నం కంట్లో ఉన్నంతసేపూ తింటూనే ఉంటుంది. పట్టండి పిల్లని," అని నీళ్ళు తెమ్మని కేకేశాడు.

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రామబ్రహ్మం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వసుమతికి మాత్రం ఆ ఊరట డాక్టరు మళ్ళీ నోరు విప్పేవరకే నిలిచింది. కుడికన్ను ఫరవాలేదట. ఎడమ కంటి నల్లగుడ్డు మీద సున్నం కాస్త తిన్నదట. కట్టు విప్పితే గానీ చూపు సంగతి చెప్పలేడట.

పిరికివాళ్ళ బుర్ర ఊరికే ఉండదు. ఇంతసేపూ ఎందుకు పోశానా అని కుమిలిన మనిషి, ఇక ఎందుకు ఆపానా అని మొదలుపెట్టింది. గోలెం ఖాళీ అయితేనేం, పక్కనే బావి ఉందిగా? చేద ఉందిగా? తోడి పొయ్యడానికి ఏ రోగం? అడుగంటిందని ఆపేసింది. నిజానికి ఆపడానికి సాకు దొరికిందని ఆపేసింది, భయపడి. డాక్టరుగారి ఇంటి వెనక రోగులకిచ్చే గదిలో పిల్ల పక్కన కూర్చుని ఆమె అన్నం సయించక, కళ్ళు మూతపడక, ఆ రెండు బిందెలనే తలుచుకుంది.

మధ్యలో వరప్రసాదరావు మాస్టారు కబురు విని బత్తాయిలు తీసుకుని వచ్చాడు. సంగతంతా విని మొహం వేలాడేశాడు.

"సున్నమేంటండీ బాబూ! నిమ్మరసమండీ నేను పొయ్యమంది. లైమ్ జ్యూస్ అన్నా గదమ్మా అహల్యా?"

రామబ్రహ్మం మంచం పట్టె మీద కూలబడ్డాడు. ఆ మాట తను రాసినన్నిసార్లు తాలూకాలో మరొకడు రాసి ఉండడు. వసుమతికి ఒళ్ళు మండింది. ఇద్దరి మీదా, వాళ్ళ ఇంగ్లీషు మీదా. "నిమ్మకాయ అని తెలుగులో చెప్తే మీ చదువు అరిగిపోద్దా మాస్టారూ?" అనేసింది. అని, అలా అనేసినందుకు హడలిపోయి, వెంటనే ఆయనకు మంచినీళ్ళు తేవడానికి పరుగెత్తింది.

కట్టు విప్పే రోజు పొద్దున్నుంచీ ఆమె అరికాళ్ళు చెమటలు పడుతూనే ఉన్నాయి. డాక్టరు అహల్యను కిటికీకి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. పక్కన గోడకు ఆనుకుని రామబ్రహ్మం, ఎదురుగా వసుమతి. ముందు కుడికన్ను విప్పాడు. వేళ్ళు చూపించి ఎన్నంటే పిల్ల టకటకా చెప్పింది. రామబ్రహ్మం దేవుడి పేరు తలుచుకున్నాడు. వసుమతి తలుచుకోలేదు. ఆమె చూపంతా రెండో కంటి మీదే ఉంది.

డాక్టరు ఎడమకంటి కట్టు విప్పి, దూది తీసి, కుడికన్ను తన అరచేత్తో మూశాడు.

"ఇప్పుడు చూడు. ఏం కనపడుతోంది?"

అహల్య రెప్పలార్పింది. నీళ్ళు కారాయి. మళ్ళీ ఆర్పింది.

"తొందర్లేదమ్మా. నిదానంగా చూడు."

పిల్ల మెడ ముందుకు చాచింది, కనుబొమలు ముడివేసింది. వసుమతికి చెవుల్లో హోరెత్తిపోయింది. అయిపోయింది, ఆ రెండు బిందెలూ పొయ్యలేదు, అయిపోయింది అనుకుంది. పడిపోకుండా మంచం కోడు పట్టుకుందామంటే చెయ్యి దానికి తగల్లేదు.

"మసగ్గా ఉంది," అంది అహల్య ఆఖరికి. "అమ్మ... అమ్మ చేతులు వణుకుతున్నయ్."

డాక్టరు చెయ్యి తీసి వెనక్కి తిరిగి వసుమతి వైపు చూశాడు. రామబ్రహ్మమూ చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ వణుకును కొంగులో దాచుకోవడమే తెలిసిన మనిషి, పిల్లకు ఇంకా బాగా కనపడాలని రెండు చేతులూ ముందుకు చాపింది.